పేరు ఒక్కటే, కాగితాలు నాలుగు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగశ్రవణం ఇప్పుడే ముగిసింది. ఎవరి రాశికి ఆదాయమెంతో, వ్యయమెంతో, రాజపూజ్యమెంతో, అవమానమెంతో శాస్త్రులవారు వినిపించారు. జన్మనక్షత్రం తెలియనివారు పేరులోని మొదటి అక్షరాన్నిబట్టి రాశి చూచుకోవచ్చునని కూడ సెలవిచ్చారు. ఆ మాట వినగానే మాకు కొంత ధైర్యం వచ్చింది. మేము ఈవేళ మనవి చేయదలచినది కూడ పేరులోని అక్షరాన్ని గురించే. అక్షరం మారితే రాశి మారుతుందని పంచాంగం చెబుతున్నది. అక్షరం మారితే జీతం, వీసా, చివరకు పిల్లల కూడు కూడ ఆగిపోతుందని మా గుమాస్తా బల్ల చెబుతున్నది.

మేము పెద్ద చదువులు చదివినవారము కాము. మెట్రిక్ పాసయి రైల్వేలో గుమాస్తా పని చేసుకొంటున్నాము. రిటైరయినవారికీ, ఉద్యోగంలో ఉండగా కాలంచేసినవారి కుటుంబాలకూ రావలసిన సొమ్ము కాగితాలు మా బల్లమీదికి వస్తాయి. విదేశాలకు పోయే మనవారి ఇబ్బందులను గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘంవారు కోరినప్పుడు, సముద్రం దాటనివారము మేమేమి చెప్పగలమని సంకోచించాము. కాని కొన్నేళ్లుగా మన పేటనుండి గల్ఫు దేశాలకు పోయే కుర్రవాళ్లు, సెలవుమీద వచ్చినవారు, వారి భార్యలు, తల్లులు కాగితాలు సంచిలో వేసుకొని సాయంకాలం మా ఇంటికి వచ్చి ఫారాలు నింపించుకొంటున్నారు. వారివల్ల తెలిసిన సంగతులే ఇవి.

మన పెద్దలు ఈ షోలాపురానికి వచ్చినప్పుడు చేతిలో ఏ కాగితమూ లేదు. 1877లో ఇక్కడ మొదటి నూలుమిల్లు వెలిసిన తరువాత, కరీంనగరం, నల్లగొండ, పాలమూరు సీమలనుండి నేతపని నమ్ముకొని తరతరాలుగా వస్తూ ఉన్నారు. ఫలానా ఊరివాడు, ఫలానావారి అల్లుడు అన్న మాటే వారికి పాస్‌పోర్టు. మిల్లులో జాబరు గుర్తుపడితే పని దొరికేది. వీధిలో కులపెద్ద గుర్తుపడితే తలదాచుకొనే గది దొరికేది. ఆ మిల్లులు మూతబడ్డాయి. చద్దరు మగ్గాల మీద, బీడీల మీద ఇల్లు గడవని కుటుంబాలలోని పిల్లలు ఇప్పుడు దుబాయి, కువైట్, సౌదీ అంటున్నారు. సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాదు వైపు ఉన్న మన బంధువులు చాలకాలం నుండి ఆ దారి పట్టినవారే.

పోయేవారు మమ్మల్ని అడిగే ప్రశ్నలు సామాన్యంగా మూడు. ఎండ ఎట్లా ఉంటుంది? తిండి సరిపడుతుందా? భాష రాకపోతే ఎట్లా? వచ్చినవారు చెప్పేది ఏమంటే, ఈ మూడూ రెండు నెలల్లో సర్దుకొంటాయి. చింతపండు, కారం అక్కడా దొరుకుతాయి. మనకు వచ్చిన హిందీతో బజారు పని జరుగుతుంది. ఎండ మనకు షోలాపురం నేర్పినదే. సర్దుకోనిది ఒక్కటే: కాగితంలోని పేరు. దానిని గురించి మాత్రం ఎవరూ ముందుగా అడగరు.

దీనికి పాత సాక్ష్యం ఒకటి ఉన్నది. 1860 నవంబరు 16న మదరాసునుండి వెళ్లిన ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. నేటాల్ చెరకుతోటలకు ఒడంబడిక కూలీలను తీసుకొనిపోయిన మొదటి ఓడ అది. 1911 వరకు అట్లా ఓడలు పోతూనే ఉన్నాయి. వాటిలో మన తెలుగువారు వేలకొద్దీ ఉన్నారు. ఓడ జాబితాలో ప్రతి మనిషికీ ఒక సంఖ్య, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులం, జిల్లా, గ్రామం వ్రాశారు. ఇంటిపేరుకు వేరే గడి లేదు. కొందరికి నాయుడు అన్న మాటే ఇంటిపేరయి, ఇంగ్లీషులో చివర రెండు 'ఓ'లతో ఈనాటికీ నిలిచి ఉన్నది. వారి మునిమనుమలు తమ ఊరేదో తెలుసుకోవాలంటే ఆ జాబితానూ, అందులోని సంఖ్యనూ వెదుక్కొంటున్నారు. ఆ జాబితా వ్రాసినవాడు దుర్మార్గుడు కాడు. మావంటి గుమాస్తా. గడి ఎంత ఉంటే అంత వ్రాశాడు. చెప్పవలసినవారికి అది చదువను రాదు. నష్టం మాత్రం నాలుగు తరాలకు తగిలింది.

ఇప్పుడు చెప్పేవారికీ చదువు ఉన్నది, వ్రాసేవారికీ యంత్రం ఉన్నది. అయినా మన ఇండ్లలో ఏమి జరుగుతున్నదో చూడండి.

వెంకటేశం అనే పిల్లవాడున్నాడనుకొందాము. ఊళ్లో తాతగారి నాటి కాగితాలలో ఇంటిపేరు మొదటి అక్షరం, ఒక చుక్క, తరువాత వెంకటేశం. ఇక్కడి మరాఠీ బడి దాఖలాలో అతడు వ్యంకటేశ్. ఆ వెనుక తండ్రిపేరు, చివర ఇంటిపేరు. ఇంగ్లీషులో వ్రాసేటప్పుడు ఒకరు 'వి' తరువాత 'ఇ' వేస్తారు, మరొకరు 'వై' వేస్తారు. బ్యాంకు పుస్తకంలో చివరి 'ఎం' ఎగిరిపోతుంది. ఆధార్‌లో తండ్రిపేరు అసలు ఉండదు. మనిషి ఒక్కడే, కాగితాలలో నలుగురు.

ఆడవారి సంగతి ఇంకా చిక్కు. బడి దాఖలాలో లక్ష్మి, తండ్రిపేరు, పుట్టింటి ఇంటిపేరు. పెండ్లి కాగానే ఈ దేశాచారం ప్రకారం భర్తపేరు, అత్తవారి ఇంటిపేరు. బీడీ కార్మికుల గుర్తింపు కార్డులో లక్ష్మీబాయి. బ్యాంకులో పుట్టింటివారు చిన్ననాడు తెరిచిన ఖాతా ఉంటే అందులో మళ్లీ పాతపేరు. ఇంట్లో పిలిచే చిట్టెమ్మ అనే పేరు దేనిలోనూ లేదు గనుక బ్రతికిపోయాము.

ఇక్కడ ఉన్నంతకాలం ఇది పెద్ద బాధగా తోచదు. బ్యాంకులో కూర్చున్నవారు మనల్ని ఎరుగుదురు. వార్డు సభ్యులు ఒక చీటీ ఇస్తారు. ఇద్దరు పెద్దమనుషులు సాక్షి సంతకం చేస్తారు. పని ఆలస్యమయినా జరుగుతుంది. పరదేశంలో మనకు సాక్షి లేడు. ఇక్కడ మనిషిని చూచి పేరు నమ్ముతారు. అక్కడ పేరు చూచి మనిషిని నమ్ముతారు. మా రైల్వేలో అయితే రిజర్వు చేసిన టిక్కెట్టును, బండి బయలుదేరడానికి 24 గంటల ముందు అర్జీ ఇచ్చి కుటుంబంలో మరొకరి పేరున మార్పించుకోవచ్చు. విమానంలో ఆ వెసులుబాటు లేదు. పాస్‌పోర్టులో ఏ పేరున్నదో టిక్కెట్టుమీద అదే ఉండాలి.

పాస్‌పోర్టునుండి వీసా పుడుతుంది. వీసానుండి అక్కడి గుర్తింపు కార్డు పుడుతుంది. సౌదీలో దానిని ఇఖామా అంటారు, కువైట్‌లో సివిల్ ఐడి అంటారు. కార్డునుండి బ్యాంకు ఖాతా, ఖాతానుండి జీతం, జీతంనుండి ఇంటికి పంపే సొమ్ము. రైలుపెట్టెలవలె ఒకదానికొకటి తగిలించినవే ఇవి. మొదటి పెట్టె పట్టాలు తప్పితే వెనుకవి నిలువవు.

పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, పేరుకు ఒక గడి వేర్వేరుగా ఉన్నాయి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలితే ఏమవుతుందని కొందరు అడుగుతారు. 2022 నవంబరులో ఎమిరేట్సు ప్రభుత్వం, పాస్‌పోర్టులో ఒకే పేరున్న వారిని సందర్శకుల వీసామీద రానివ్వమని ప్రకటించినప్పుడు ఎందరో కంగారుపడ్డారు. అమెరికా వీసాలోనయితే ఉన్న ఒక్క పేరునూ ఇంటిపేరు గడిలో వేసి, అసలు పేరు ఉండవలసినచోట ఎఫ్.ఎన్.యు. అని మూడు అక్షరాలు వేస్తారు. మొదటి పేరు తెలియదని దాని అర్థం. కన్నతల్లి బారసాలనాడు పెట్టిన పేరు ఉండగా, మన పిల్లవాడు అక్కడ పేరు తెలియనివాడవుతాడు.

ఇక మేము ఎరిగిన ఒక కుటుంబం సంగతి చెప్పాలి. ఊరూ పేరూ అక్కరలేదు. భర్త గల్ఫులో తాపీపనికి పోయి ఆరేండ్లు చేసి అక్కడే గుండె ఆగి పోయినాడు. దేహం మూడు వారాలకు ఇంటికి వచ్చింది. కంపెనీనుండి రావలసిన బాకీ జీతం, సర్వీసు సొమ్ము మాత్రం రాలేదు. ఆయన పాస్‌పోర్టులో భార్యపేరు పుట్టింటి పేరుతో ఉన్నది. ఆమె ఆధార్‌లో అత్తవారింటి పేరు, దానికితోడు చివర 'బాయి'. పెండ్లి నమోదు చేయించలేదు. ఈమె ఆమేనని రుజువు చేయడానికి ప్రమాణపత్రం, వారసుల సర్టిఫికెట్టు, విచారణ, మళ్లీ ఉత్తరాలు. ఒక్కొక్క కాగితానికి ఆమె బీడీపని మానుకొని కచేరీకి తిరిగింది. రెండు ఉగాదులు దాటిన తరువాత సొమ్ము చేతికి వచ్చింది. ఈలోగా తొమ్మిదవ తరగతి చదివే పెద్దపిల్ల బడి మాని తల్లితోపాటు బీడీలు చుట్టడానికి కూర్చున్నది. సొమ్ము వచ్చింది గాని ఆ పిల్ల మళ్లీ బడికి పోలేదు. ఎవరూ అన్యాయం చేయలేదు, ఎవరూ లంచం అడగలేదు. రెండు కాగితాలలో రెండు పేర్లు, అంతే.

కాబట్టి ప్రయాణం కట్టేవారికీ, వారిని పంపేవారికీ మేము మనవి చేసేవి ఏడు మాటలు.

మొదటిది. ఏజెంటువద్దకు పోకముందే ఇంట్లోని కాగితాలన్నీ ఒక చాపమీద పరచండి. జన్మపత్రం, బడి దాఖలా, ఆధార్, పాన్ కార్డు, బ్యాంకు పుస్తకం, రేషను కార్డు. ఒకరు అక్షరం అక్షరం చదవాలి, ఒకరు వినాలి. పేరు మాత్రమే కాదు, పుట్టిన తేదీ, తండ్రిపేరు, తల్లిపేరు కూడ. తేడా ఎక్కడున్నదో కాగితంమీద వ్రాసుకోండి. బడి దాఖలాలో, జన్మపత్రంలో ఉన్న పేరును ఆధారంగా పెట్టుకొని మిగిలినవి దాని ప్రకారం దిద్దించుకోవడం మంచిది. ఆధార్‌లో పేరు దిద్దుకొనే అవకాశం సామాన్యంగా రెండుసార్లే. కనుక తొందరపడి ఒకసారి ఒకటి, మరొకసారి ఒకటి మార్చవద్దు.

రెండవది. పాస్‌పోర్టు ఫారంలో పొడి అక్షరాలు పనికిరావు. ఇంటిపేరు పూర్తిగా దాని గడిలో, పేరు పూర్తిగా దాని గడిలో వ్రాయండి. మన ఆచారంలో ఇంటిపేరు ముందు వస్తుంది, ఈ రాష్ట్రంలో చివర వస్తుంది. ఎక్కడ వచ్చినా ఫరవాలేదు. ఏది ఇంటిపేరో గడి చెప్పాలి. భార్యాభర్తలు, పిల్లలు అందరికీ ఆ ఇంటిపేరు ఒకే అక్షరాలతో ఉండాలి.

మూడవది. పెండ్లి నమోదు. పురోహితులవారి చేత లగ్నపత్రిక వ్రాయించుకొంటాము, శుభలేఖలు అచ్చువేయిస్తాము. నమోదు సర్టిఫికెట్టు మాత్రం తెచ్చుకోము. భార్యను అక్కడికి తీసుకొనిపోవాలన్నా, భర్తకు రావలసినది ఇక్కడ అందుకోవాలన్నా అడిగే మొదటి కాగితం అదే. ఇది పెండ్లికూతురి తల్లిదండ్రులు పట్టుపట్టవలసిన విషయం. మంగళసూత్రానికి ఎంత ఖర్చుపెడతారో దానిలో వందోవంతు కూడ కాదు.

నాలుగవది. పదవ తరగతి పాసు కానివారి పాస్‌పోర్టులో, ఎమిగ్రేషన్ తనిఖీ కావలెననే గుర్తు ఉంటుంది. వారు గల్ఫు దేశాలు ఆరింటితో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వపు ఎమిగ్రేషన్ సంరక్షణాధికారి అనుమతి పొందాలి. ఈ ఏర్పాటు 1983 నాటి చట్టంవల్ల వచ్చింది. వారికి 2003లో మొదలైన ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయల బీమా అది. మెట్రిక్ పాసయినవారికి ఈ తనిఖీ లేదు. మా చిన్న సర్టిఫికెట్టుకు ఇంత గౌరవం ఉన్నదని మేమూ సంతోషించాము. కాని తనిఖీ లేనివారికి ఆ బీమా దానంతట అది రాదు. వేరే బీమా తామే చూచుకోవాలి. అందులోనూ నామినీ పేరు ఆమె ఆధార్‌లో ఉన్నట్లే ఉండాలి.

అయిదవది. ఏజెంటు లైసెన్సు ఉన్నవాడో కాదో ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో చూడవచ్చు. అతడు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలకు మించరాదు, దానిమీద జి.ఎస్.టి. వేరు. సొమ్ము బ్యాంకు ద్వారా ఇచ్చి రసీదు పుచ్చుకోండి. సందర్శకుల వీసామీద పోయి పనిలో చేరితే తరువాత సరిచేస్తామని ఎవరైనా అంటే నమ్మవద్దు. ఆ మనిషి పని చేసినట్లు ఏ కాగితమూ సాక్ష్యం చెప్పదు.

ఆరవది. అక్కడ బిడ్డ పుడితే, అక్కడి ఆసుపత్రి కాగితంతో తృప్తిపడక, ఏడాదిలోగా మన రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలి. ఏడాది దాటితే కేంద్రప్రభుత్వ అనుమతిదాకా పోవలసి వస్తుంది. ఇక్కడ పుట్టిన పిల్లల విషయంలో కూడ ఇక అలక్ష్యం కుదరదు. 2023 అక్టోబరు 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారికి పాస్‌పోర్టు కోసం పుట్టినతేదీ రుజువు జన్మపత్రం ఒక్కటేనని 2025లో నిబంధన వచ్చింది. జన్మపత్రంలో పేరు గడి ఖాళీగా ఉంటే, పుట్టుక నమోదయిన ఏడాదిలోపల రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. బారసాల అయిన వారంలోనే ఆ పని చేయండి.

ఏడవది తల్లులకూ అక్కచెల్లెండ్రకూ. పోయేవాని పాస్‌పోర్టు నకలు, వీసా నకలు, పని ఒడంబడిక, కంపెనీ పేరు చిరునామా, అక్కడి కార్డు సంఖ్య, ఆ దేశంలోని మన రాయబార కార్యాలయం ఫోను, ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో అంటించి మీ పెట్టెలో పెట్టుకోండి. ఫోనులో ఫోటోలు ఉన్నాయంటారు. ఆ ఫోను ఆయన జేబులో ఉంటుంది. ఇక్కడ ఇల్లు కొనాలన్నా, అమ్మాలన్నా అక్కడినుండి ముఖ్తారునామా పంపుతాడు. దానిమీద రాయబార కార్యాలయం ముద్ర ఉండాలి. ఇండియాకు చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు సుంకం కట్టాలి. ఈ సంగతి మగవారికి తెలిస్తే చాలదు, పెట్టె తాళంచెవి ఎవరివద్ద ఉంటుందో వారికి తెలియాలి.

కొందరు పెద్దలు మాతో అన్నారు: "పేరు దిద్దుకోవడమంటే మన తెలుగుతనాన్ని వదలుకోవడమే గదా! వెంకటేశం వ్యంకటేశ్ కావలసిందేనా?" అని. మా మనవి దానికి విరుద్ధం. పేరు ఎవరి చేతిలోనో పడి మారకుండా మనమే నిశ్చయించుకోమంటున్నాము. వెంకటేశం అనే ఉంచదలిస్తే బడిలో చేర్చిననాడే పంతులుగారికి ఆ అక్షరాలు కాగితంమీద వ్రాసి ఇవ్వండి. నేటాల్‌లో పోయిన ఇంటిపేర్లు అక్కడి ప్రభుత్వం నిషేధించగా పోలేదు, అడిగి వ్రాయించుకొనేవారు లేక పోయాయి. మన ఇంటిపేరు షోలాపురంలో వందేండ్లకు పైగా నిలిచింది. గడి దాటేటప్పుడు జారిపోకుండా చూచుకొంటే మరి కొన్ని తరాలు నిలుస్తుంది.

సంఘంవారికి ఒక విన్నపం. మనకు భవనం ఉన్నది, బల్లలున్నాయి, చదువుకొన్న పిల్లలున్నారు. ప్రతి నెలా మొదటి ఆదివారం ఉదయం రెండు గంటలు ఇందుకు కేటాయించండి. వచ్చినవారి కాగితాలు చదివి తేడాలు గుర్తించి ఒక చీటీమీద వ్రాసి ఇవ్వడం మాత్రమే పని. అసలు కాగితాలు ఎవరూ దగ్గర ఉంచుకోరాదు, ఎవరివద్దా పైసా తీసుకోరాదు, ఏ ఏజెంటునూ సిఫారసు చేయరాదు. ఆ బల్లవద్ద మొదటి ఏడాది కూర్చోవడానికి మేము సిద్ధము. మాతోపాటు కూర్చోవడానికి అమ్మాయిలు ఇద్దరు కూడ కావాలి. ఆడవారు తమ పేర్ల చిక్కు మగవారి ముందు చెప్పుకోవడానికి మొహమాటపడతారు.

వచ్చే నెల మొదటి ఆదివారం తొమ్మిది గంటలకు, ప్రయాణం ఉన్నా లేకున్నా, ఇంటికి ఒకరు చొప్పున సంచీతో రండి. కళ్లద్దాలున్నవారు అవి మరచిపోకండి. ఈ కొత్త సంవత్సరంలో అందరి ఆదాయమూ వ్యయాన్ని మించాలనీ, దూరదేశాలలో ఉన్న మన పిల్లలు వారి వారి పేర్లతోనే క్షేమంగా తిరిగి రావాలనీ కోరుకొంటూ సెలవు తీసుకొంటున్నాము.

శుభం.